జడుపు లేని బతుకు

(మన సాంస్కృతిక సంఘం వార్షికోత్సవాల్లో యువజన సభ నాడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

చావంటే భయం లేకుండా నిండైన క్రైస్తవ జీవితం ఎలా జీవించాలో చెప్పమని మన కార్యదర్శి ఫోన్ చేశాడు. నేను నవ్వాను. "కుర్రాళ్ల సభలో చావు కబుర్లు ఎందుకు బాబూ?" అన్నాను. "మాస్టారూ, ఈ ఏడాది మనం సాగనంపినవాళ్లలో ముగ్గురికి ముప్పై ఏళ్లు నిండలేదు" అన్నాడు. ఇంక నవ్వు రాలేదు. ఒకడు బండి మీద పోయాడు. ఒకడు జ్వరంతో పోయాడు. ఒక అమ్మాయి తన ప్రాణం తనే తీసుకుంది. వాళ్ల పేర్లు ఇక్కడ చెప్పను. వాళ్ల అమ్మానాన్నలు ఈ సభలోనే కూర్చున్నారు. మాట్లాడేటప్పుడు వాళ్ల మొహాలు చూస్తూనే మాట్లాడతాను.

ముందే ఒక మాట చెప్పుకుందాం. మనమందరం సవరలమే గాని అందరం క్రైస్తవులం కాము. పెద్దల పద్ధతిలో ఉన్నవాళ్లూ మన అన్నదమ్ములే, మన వియ్యంకులే. నేను నా నమ్మకం గురించి చెప్తాను. ఎవరి నమ్మకాన్నీ చిన్నబుచ్చడానికి కాదు.

పోయిన వేసవిలో నా గుండెకి స్టెంట్ వేశారు. నేను నలభై ఏళ్లుగా సంఘంలో వాక్యం చెప్తున్నవాణ్ణి. ఎన్ని భూస్థాపనల్లో ప్రార్థన చేశానో లెక్కలేదు. అయినా ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద లోపలికి తోసుకెళ్తుంటే నా కాళ్లు చల్లబడ్డాయి. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. ఆ నిమిషంలో నాకు పరలోకం గుర్తుకు రాలేదు. మా అయ్య రాయి గుర్తొచ్చింది. ఆ రాయి సంగతి చెప్పాలంటే ముందు మన పెద్దలు చావుని ఎలా చూశారో చెప్పాలి. మీలో చాలామంది అది చూసి ఉండరు.

పెద్దల కాలంలో

మన పెద్దల లెక్కలో చనిపోయినవాడు ఎక్కడికో పోయి మాయమైపోడు. సొనుమ్ అవుతాడు. కిందిలోకంలో ఉంటాడు. పిలిస్తే వస్తాడు. పిలిచేది కుడాన్. మన చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎజ్జోడు అంటారు. చావు పనులకి కూర్చునేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆమె పాట పాడుతూ పాడుతూ ఒంటి మీద తెలివి లేకుండా అయిపోతుంది. అప్పుడు చనిపోయినవాళ్లు ఒక్కొక్కరే ఆమె నోట మాట్లాడతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు వాళ్లతో మాట్లాడతారు, దెబ్బలాడతారు, ఏడుస్తారు, నవ్వుతారు కూడా. మా మామ్మ పోయిన ఏడాది ఆమె అలా వచ్చి "నా పూసలు ఎవరు వేసుకుంటున్నార్రా?" అని అడిగింది. మా అత్త మెడలోంచి పూసలు తీసి పైకెత్తి చూపించి బోరున ఏడ్చింది. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ఆ రాత్రి ఇప్పటికీ మర్చిపోలేదు.

శవాన్ని కాల్చిన తర్వాత కొన్నాళ్లకి గువార్ చేస్తారు. చనిపోయినవాళ్ల పేరున, ఆ వంశంవాళ్ల రాళ్లు ఉన్నచోట నిలువు రాయి పాతుతారు. దున్నని బలి ఇస్తారు. చుట్టాలందరూ బియ్యం, సారా తెస్తారు. మన గూడల దగ్గర చెట్ల కింద వరసగా ఉండే రాళ్లు అవే.

ఇందులో ప్రేమ ఉంది. చనిపోయినవాణ్ణి ఒంటరిగా వదలకపోవడం ఉంది. కానీ దానితోపాటు పెద్ద జడుపు కూడా ఉంది. చనిపోయినవాళ్లు తాము ఎలా చచ్చారో ఆ చావునే బతికున్నవాళ్లకి అంటిస్తారని మనవాళ్లు నమ్మేవారు. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఏ సొనుమ్‌కి ఆకలేసిందో కనుక్కోవాలి. కోడి, పంది, దున్న ఇవ్వాలి. దున్న కొనడానికి షావుకారు దగ్గర అప్పు. అప్పు తీరేలోపు ఇంకో జబ్బు. ప్రేమించిన తల్లే చనిపోయాక భయపెట్టేది. ఆ బాధ ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుసు.

పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1970లలో ఒడిశా వైపు మన సవర గూడలకి వచ్చి, మన భాష నేర్చుకుని, ఈ మాటలన్నీ రాసుకున్నాడు. 1993లో చనిపోయినవాళ్లతో మన సంభాషణల మీద ఒక పుస్తకం వేశాడు. 2017లో ఇంకోటి వేశాడు. దాని పేరుకి అర్థం, చనిపోయినవాళ్లు లేకుండా బతకడం. పిల్లలు క్రైస్తవులయ్యాక ఆ మాటలు ఎలా ఆగిపోయాయో అందులో రాశాడు. బయటివాడు రాశాడని కొట్టిపారెయ్యకండి. మనం మనల్ని అడగని ప్రశ్న ఆయన అడిగాడు. జడుపు పోయింది, మంచిదే. మరి దుఃఖం ఎక్కడికి పోవాలి?

అయ్య రాయి

కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టారు. తర్వాత మెల్లగా ఉత్తరానికి వచ్చి పర్లాకిమిడి దాకా, ఆ పై కొండల్లోకి చేరారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి పోయి మన సవర నేల రెండు ముక్కలైనా సువార్త మాత్రం గట్టుకి ఆ పక్కా ఈ పక్కా నడిచింది. దొరలకంటే ఎక్కువగా దాన్ని మోసింది మనవాళ్లే. సంత నుంచి సంతకి, చుట్టరికం నుంచి చుట్టరికానికి చేరింది.

మా ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో నేనొకణ్ణి. అయ్య మాత్రం పెద్దల పద్ధతిలోనే ఉన్నాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఆయన పోయాడు. కాల్చిన రోజు ఉన్నాను. గువార్‌కి రాయి ఎత్తాల్సిన రోజు వచ్చింది. పెద్ద కొడుకుని నేను. కబురు పంపారు. "నేను విశ్వాసిని, రాలేను" అని తిరుగు కబురు పంపాను. అప్పుడు మా అమ్మ కొండ దిగి, నేను పనిచేసే బడి దాకా నడిచి వచ్చింది. "కోడి నువ్వు కొయ్యొద్దురా, సారా నువ్వు తాగొద్దు. ఒట్టినే వచ్చి నా పక్కన నిలబడు" అంది. నేను వెళ్లలేదు. అమ్మ ఎలా వచ్చిందో అలాగే తిరిగి కొండ ఎక్కింది. మా చిన్నాన్న కొడుకు రాయి ఎత్తాడు.

ఇన్నేళ్లూ దాన్ని నా విశ్వాసానికి సాక్ష్యంగా చెప్పుకున్నాను. సంఘంలో చప్పట్లు కూడా కొట్టారు. స్ట్రెచర్ మీద పడుకున్నప్పుడు నిజం తెలిసింది. అది భయం. అయ్య సొనుమ్ నా మీదికి వస్తుందేమోనని ఒక భయం. నీళ్లలో మునిగి లేచినా ఆ జడుపు కడుపులోంచి పోలేదు. సంఘంలోవాళ్లు ఏమనుకుంటారో అని ఇంకో భయం. నిజంగా నమ్మినవాడైతే వెళ్లి అమ్మ పక్కన నిలబడేవాడు. మొక్కకుండా, తాగకుండా నిలబడేవాడు. చనిపోయినవాళ్లు ప్రభువు చేతిలో ఉన్నారని నమ్మినవాడికి ఒక రాయి దగ్గర నిలబడటానికి భయమెందుకు?

హెబ్రీయులకి రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఒక మాట ఉంది. మరణభయం మనిషిని బతికినన్నాళ్లూ బానిసగా ఉంచుతుందని, ఆ బానిసత్వం నుంచి విడిపించడానికే క్రీస్తు మనలాంటి రక్తమాంసాలతో వచ్చాడని దాని భావం. బానిస అన్నది మన పెద్దలకి తెలిసిన మాటే. గొత్తి పని చేసినవాళ్ల మనవలం మనం. షావుకారు ఎదురుగా లేకపోయినా గొత్తివాడు షావుకారు చెప్పినట్టే నడుచుకుంటాడు. మరణభయం కూడా అంతే. చావు ఎదురుగా లేని రోజున కూడా మన చేత పనులు చేయిస్తుంది. నా చేత అమ్మని ఒంటరిగా కొండ ఎక్కించింది.

యేసు కూడా ఏడ్చాడు

భయం రావడం పాపమా అని ఒక చెల్లి నన్ను అడిగింది. యోహాను సువార్త పదకొండో అధ్యాయం చదువుకోండి. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. గెత్సేమనే తోటలో తన చావు ముందు ఆయన వేదనపడ్డాడు. ఆ గిన్నె తప్పిపోతే బాగుండునని తండ్రిని అడిగాడు. స్నేహితుల్ని పక్కన ఉండమని బతిమాలాడు. వాళ్లు నిద్రపోయారు. అంత వేదనలో కూడా ఆయన తోటలోంచి పారిపోలేదు. తండ్రి చేతిలో తనని పెట్టుకుని లేచి ముందుకి నడిచాడు.

కాబట్టి ఎవరైనా చనిపోయిన ఇంటికి వెళ్లి "ఏడవకూడదు, పరలోకం వెళ్లాడు కదా" అని అనకండి. నేను చాలాసార్లు అన్నాను. తప్పు చేశాను. ముందు ఏడవనివ్వండి. మీరూ ఏడవండి. పునరుత్థానం ఉందన్న మాట ఏడ్చిన తర్వాత చెప్పినా బలం తగ్గదు.

నిండిన బతుకంటే

కుర్రాళ్లు నన్ను అడుగుతారు, నిండిన జీవితం అంటే ఏమిటి మాస్టారూ అని. ఉద్యోగమా, పక్కా ఇల్లా, బండా? ఇవి వద్దనను. జీడిపిక్కలకి గిట్టుబాటు రావాలి, మన పిల్లలకి ఉద్యోగాలు రావాలి. కానీ లూకా పన్నెండో అధ్యాయంలో ప్రభువు చెప్పిన ధనవంతుడు కొట్లు పెద్దవి కట్టుకుని ఇక హాయిగా ఉందామనుకున్న రాత్రే పోయాడు. కొట్లు నిండాయి, ఆయన మాత్రం నిండలేదు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో దొర్కా అనే ఆవిడ ఉంది. ఆమె పోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు, బట్టలు పేతురుకి చూపించారు. ఆ చోటు చదివినప్పుడల్లా మా అత్త పైకెత్తి చూపించిన పూసలు గుర్తొస్తాయి. దొర్కా బతుకంతా ఇతరుల ఒంటి మీద ఉంది. ఏడ్చేవాళ్లు చూపించడానికి చేతిలో ఏదో ఉంది.

మా పక్క గూడలో ఒక ముసలమ్మ ఉండేది. అక్షరం ముక్క రాదు. మంత్రసాని. రోడ్డు లేని రోజుల్లో రాత్రి వాన పడుతున్నా టార్చిలైటు పట్టుకుని డోలీ వెనకాల నడిచేది. క్రైస్తవుల ఇల్లా, పెద్దల పద్ధతి ఇల్లా అని చూడలేదు. ఆమె పోయినప్పుడు శవపెట్టె మొయ్యడానికి రెండు వైపుల కుర్రాళ్లూ పోటీపడ్డారు. వాళ్లలో చాలామందికి బొడ్డు కోసింది ఆమె. చివరి రోజుల్లో నేను చూడ్డానికి వెళ్తే "నాకు పని అయిపోయింది మాస్టారూ, పిలిస్తే పోవడమే" అంది. భయం లేదా అమ్మా అంటే, "చీకట్లో నడవడం నాకు కొత్తా?" అంది.

మన భాషకి సేవ చేసిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు క్రైస్తవుడు కాదు. అయినా ఆయన్ని తలచుకోకుండా ఉండలేను. పర్లాకిమిడిలో ఉంటూ మన భాష నేర్చుకున్నారు, మన పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మన్యం జ్వరాలకి వేసుకున్న క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయిందని చెప్తారు. మన మాటలు వినడానికి కొండెక్కిన మనిషి చెవులు పోగొట్టుకున్నారు. అయినా ఆగలేదు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. 1940లో ఆయన పోయారు. పోయిన చెవుల్ని లెక్కేసుకుంటూ కూర్చుని ఉంటే ఇవాళ మనకి ఆ నిఘంటువు ఉండేది కాదు. గోధుమగింజ నేలలో పడి చస్తేనే పంట అని ప్రభువు చెప్పింది ఇలాంటి బతుకు గురించే అని నాకు అనిపిస్తుంది.

ధైర్యం కాని ధైర్యం

ఇప్పుడు ఆ ముగ్గురి గురించి. జడుపు లేని బతుకు అనగానే కొందరు తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో ముగ్గురు ఎక్కి, హెల్మెట్ లేకుండా, సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకుంటూ పోవడం ధైర్యం కాదు. దేవాలయ శిఖరం మీంచి దూకమని, దేవదూతలు పట్టుకుంటారని సాతాను యేసుని రెచ్చగొట్టాడు. ఆయన దూకలేదు. తండ్రిని పరీక్షించను అన్నాడు. మీ ఫ్రెండు "నీకు దమ్ముందా?" అన్నప్పుడు అది గుర్తు తెచ్చుకోండి.

జ్వరం వస్తే ప్రార్థన చేయండి. చేస్తూనే ఆశా కార్యకర్తని పిలవండి. వేలి మీద రక్తపు చుక్కతో మలేరియా పరీక్ష అక్కడే అవుతుంది. పాము కరిస్తే కొయ్యకండి, కట్టుకట్టి బిగించకండి, విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే మోసుకెళ్లండి. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు అని ఎవరైనా అంటే, పౌలుతో పాటు తిరిగిన లూకా వైద్యుడని చెప్పండి. నా గుండెలో ఇప్పుడు స్టెంట్ ఉంది. అది పెట్టిన డాక్టరు చేతుల కోసం నేను దేవుణ్ణి స్తుతిస్తున్నాను. సికిల్ సెల్ పరీక్షకి కూడా జంకకండి. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్‌లో 2047 నాటికి ఈ జబ్బుని రూపుమాపాలని, గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకున్నారు. "పరీక్షలో ఏదైనా తేలితే పెళ్లి కాదేమో" అని మన పిల్లలు దాక్కుంటున్నారు. ముందే తెలిస్తే మందు ఉంది, పుట్టబోయే బిడ్డల గురించి ఆలోచించుకునే వీలుంది.

మూడో మాట మెల్లగా చెప్తాను. చావుకి భయపడకపోవడం వేరు, చావుని కోరుకోవడం వేరు. బతుకు మీద విసిగి చచ్చిపోతానని దేవుడితో అన్నవాళ్లు బైబిల్లో ఉన్నారు. ఏలీయా అన్నాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు. పడుకోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మాట తర్వాత. మీ పక్కన ఎవరైనా మౌనంగా అయిపోతే ముందు వాక్యం చెప్పకండి. కూర్చోబెట్టి అన్నం పెట్టండి. ఒంటరిగా వదలకండి. మీకే అలా అనిపిస్తే ఇంట్లో చెప్పండి, చెప్పలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, డబ్బులు పడవు, ఏ రాత్రయినా ఎత్తుతారు. ఆ అమ్మాయి నా విద్యార్థిని. పరీక్ష తప్పిందని నాకు చెప్పుకుంటుందనుకున్నాను. నేనూ అడగలేదు. ఆ అమ్మ ముందు ఈ మాట ఒప్పుకోవాలనే ఇక్కడికి వచ్చాను. ఆ బిడ్డని దేవుడు వదిలేశాడని ఎవరూ అనకండి. ఆయన దయ ఎంత దూరం పోతుందో కొలిచే పని మనది కాదు.

మీరు చేయగలిగినవి

ఒకటి. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గర కూర్చోవడం నేర్చుకోండి. చెయ్యి పట్టుకుని కూర్చుంటే చాలు. చావుని దగ్గర్నుంచి చూసినవాడికి సగం భయం పోతుంది.

రెండు. ఎవరి నమ్మకం ఏదైనా, మన మనిషి పోతే మొయ్యడానికి వెళ్లండి. మీ మనస్సాక్షి ఒప్పుకోనిది చేయకండి. బలిలో పాలు పంచుకోమని నేను చెప్పడంలేదు. వెళ్లి నిలబడండి. కట్టెలు మొయ్యండి, నీళ్లు తెండి.

మూడు. చనిపోయినవాళ్ల పేర్లు పలకండి. మనం కుడాన్ దగ్గరికి వెళ్లం, వాళ్లతో మాట్లాడించం. కానీ వాళ్ల గురించి మనం మాట్లాడుకోవచ్చు కదా. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారి ప్రసంగంతో సరిపెట్టకుండా ఇంటివాళ్లని మాట్లాడనివ్వండి. ఆ మనిషి ఏం పాడేది, దేనికి కోప్పడేది, సంత నుంచి ఏం తెచ్చేది, సవరలో చెప్పనివ్వండి. మీ ఫోన్లలో రికార్డు చేయండి. తాతల పేర్లు రాసిపెట్టుకోండి.

నాలుగు. తగవులు దాచుకోకండి. నేను అమ్మకి క్షమాపణ చెప్పాలనుకుంటూనే పదేళ్లు గడిపాను. చెప్పకుండానే ఆమె పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు నెలలకి నేను మా ఊరు వెళ్లాను. కొండ ఎక్కలేకపోతే నా తమ్ముడి మనవడు బండి మీద తీసుకెళ్లాడు. రాళ్ల దగ్గర తుప్పలు పెరిగిపోయాయి. అయ్య రాయి ఏదో నాకు తెలియదు. రాయి ఎత్తిన మా చిన్నాన్న కొడుకు కర్ర పోటేసుకుంటూ వచ్చి చూపించాడు. ఇద్దరం కలిసి తుప్పలు కొట్టాం. ఆయన తన పద్ధతిలో సారా చుక్క వేశాడు. నేను పక్కన నిలబడి, నాకు ఇలాంటి తండ్రిని ఇచ్చినందుకు ప్రభువుకి స్తోత్రం చెప్పాను. అమ్మ నిలబడమన్న చోట నలభై ఏళ్లు ఆలస్యంగా నిలబడ్డాను. ఏ సొనుమూ నా మీదికి రాలేదు. ఏడుపు వచ్చింది, అంతే.

డాక్టరు ఇంకో పరీక్షకి రమ్మన్నాడు. వెళ్తాను. కాళ్లు మళ్లీ చల్లబడతాయేమో, తెలియదు. ఈసారి ప్రార్థనకి మాటలు మాత్రం దొరుకుతాయనుకుంటున్నాను.

మీరంతా చల్లగా ఉండాలి. నూరేళ్లు ఉండాలి. ఎన్నేళ్లు ఉన్నా నిండుగా ఉండాలి.